చదవకుండా మెచ్చుకున్న పుస్తకం

గ్రంథాలయంలో ముప్ఫై నాలుగేళ్ళు పనిచేశాను. పదవీ విరమణ సభలో ఒకాయన నన్ను పొగుడుతూ, "వీరి నోట 'బాగుంది' అనిపించుకోవడం రచయితలకే కాదండీ, కాఫీ హోటలు వాళ్ళకి కూడా కష్టమే" అన్నారు. అందరూ నవ్వారు, నేనూ నవ్వాను. నాది పిసినారితనం అని కొందరు అనుకునేవారు. పాండిత్యం అనుకునే అమాయకులు కూడా ఉండేవారు. అసలు కారణం కొల్లేటి లంకలో ఉండే ఒక మనిషి. ఈ ఉద్యోగంలోకి కొత్తగా వస్తున్న మీకు ఆయన సంగతి చెప్పాలని చాలాసార్లు అనుకున్నాను. చెప్పుకుంటే పేరొచ్చే సంగతి కాదు కాబట్టి ఇన్నాళ్ళూ వాయిదా వేశాను.

ఆంధ్ర రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజుల్లో ఏలూరులో గుమాస్తాగా చేరాను. నాకప్పుడు ఇరవై రెండేళ్ళు. మా గ్రంథపాలకులకి కోపం వస్తే గొంతు పెరగదు, తగ్గుతుంది. ఎంత తగ్గితే అంత భయం మాకు. చేరిన వారంలోనే ఆయన నన్ను పిలిచి రెండు మాటలు చెప్పారు. మొదటిది, పుస్తకం కోసం వచ్చినవాడు ఎవరైనా, చొక్కా ఉన్నా లేకపోయినా, 'మీరు' అనాలి. రెండోది కొంచెం పెద్దది.

"చదవని పుస్తకం ఇవ్వడం తప్పు కాదోయ్. ఇన్ని వేలు ఎవడు చదవగలడు? చదవకుండా మెచ్చుకోకు. ఎలా ఉంటుందని అడిగితే 'నేను చదవలేదండీ' అను. ఆ ముక్క అనడానికి సిగ్గుపడేవాడు ఈ బల్ల వెనక కూర్చోకూడదు."

సరేనన్నాను. ఇరవై రెండేళ్ళ వయసులో ఎవరు ఏం చెప్పినా సరేనంటాం.

రెండేళ్ళకి నన్ను తాడేపల్లిగూడెం శాఖకి వేశారు. బజారు దగ్గర ఒక పెద్ద గది, ముందు వరండా. చుట్టుపక్కల బియ్యం మిల్లులు కావడంతో పొద్దున్న తుడిచిన బల్లల మీద మధ్యాహ్నానికి తవుడు దుమ్ము పేరుకునేది. సాయంత్రమయ్యేసరికి మిల్లు గుమాస్తాలు, రైల్వే వాళ్ళు, బడిపంతుళ్ళు చేరేవారు. వాళ్ళు పుస్తకాలు చదవడం ఒక ఎత్తు, చదివినవి ఒకరికొకరు చెప్పుకోవడం ఒక ఎత్తు. "ఏవండీ, అది చదివారా? అయ్యో, ఇంకా చదవలేదా!" అని జాలిపడటంలో వాళ్ళకి గొప్ప ఆనందం. ఆ ఆనందానికి నేనూ అలవాటు పడ్డాను. వచ్చినవాడి ముఖం చూసి అతనికి నచ్చే పుస్తకం తీసి ఇస్తాడని నాకు పేరొచ్చింది. మొదట్లో ఆ పేరు నిజమే. మంచి పుస్తకం దొరికితే తెల్లారేలోగా నలుగురికి చెప్పకపోతే నాకు తోచేది కాదు. పేరు వచ్చాక చదివే తీరిక తగ్గింది, చెప్పే అలవాటు మాత్రం తగ్గలేదు. మొదటి యాభై పేజీలు తిరగేసి, చివరి అట్ట మీది నాలుగు ముక్కలు చూసి, విన్న మాటలు నా మాటలుగా చెప్పడం నేర్చుకున్నాను. ఎవరూ పట్టుకోలేదు. పట్టుబడని పని తప్పుగా తోచదు.

గూడెం పనితోపాటు కొల్లేటి లంకలకి పుస్తకాలు చేరవేసే పని కూడా నాదే. నెలకి రెండుసార్లు రేకు పెట్టెలో డెబ్భై ఎనభై పుస్తకాలు సర్దుకుని, భీమవరం మీదుగా ఆకివీడు దాకా బస్సులోనూ, అక్కణ్ణించి పడవలోనూ వెళ్ళేవాణ్ణి. నేను ఎక్కువగా ఆగే లంకలో ఒక చిన్న మిషను బడి ఉండేది. పంతులమ్మగారు నలభై దాటిన మనిషి. తెల్ల చీర, చేతిలో ఎప్పుడూ సుద్దముక్క. పగలు పిల్లలకి చెప్పి, సాయంత్రం వేట నుంచి వచ్చిన పెద్దవాళ్ళని కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించేవారు. మొదట్లో ఇద్దరే వచ్చేవారట. నేను వెళ్ళేనాటికి పదిహేనుమంది అయ్యారు.

వాళ్ళందరిలోకి ముందు చదవడం వచ్చినవాడు ఆ మనిషి. చేపల వేట ఆయన వృత్తి. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. నేను 'మీరు' అన్న మొదటిసారి తన వెనక ఎవరైనా ఉన్నారేమోనని తిరిగి చూశాడు. చదివేటప్పుడు అక్షరం కింద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ, ఒక్కో పదాన్ని నీళ్ళలోంచి పైకి లాగుతున్నట్టు చదివేవాడు. అరవై డెబ్భై పేజీల పుస్తకానికి నెల పట్టేది. తిరిగి ఇచ్చేటప్పుడు బాగుందనీ బాగాలేదనీ చెప్పడు. లోపల జరిగింది వార్తలా చెప్పేవాడు.

"ఆ రాజుగారు తమ్ముణ్ణి నమ్మి మోసపోయారండి. పాపం, ఎవరూ చెప్పలేదాండి ఆయనకి?" అని నిజంగా బాధపడేవాడు.

నాకు నవ్వొచ్చేది. అది కథండీ అని ఒకటి రెండుసార్లు అన్నాను. "అచ్చేశారు గదండి" అనేవాడు. ఎవరో అంత శ్రమపడి, అచ్చు అక్షరాలకి అంత సీసం కరిగించి, లేనిపోనిది ఎందుకు అచ్చేస్తారని ఆయన లెక్క. పంతులమ్మగారు పక్కన నిలబడి, "మెల్లగా తెలుస్తుంది లెండి. ముందు చదవనివ్వండి" అనేవారు.

ఆ ఏడు శ్రావణంలో కొల్లేటికి నీళ్ళు ముంచుకొచ్చాయి. నేను రెండు విడతలు వెళ్ళలేకపోయాను. మూడోసారి వెళ్ళేసరికి పంతులమ్మగారు రేవులోనే ఎదురొచ్చి చెప్పారు. ఆయన కొడుకు పోయాడు. పదిహేడేళ్ళవాడు. ఉదయం గాలి లేచింది. చేపలు పట్టే వెదురు బద్దల మావులు వరదకి కొట్టుకుపోతాయని తండ్రి భయపడ్డాడు. ఆయనకి భుజం బెణికి చెయ్యి లేవడం లేదు. "నువ్వెళ్ళి తీసుకురారా" అన్నాడు. వాడు దోనె వేసుకుని వెళ్ళాడు. దోనె ఒక్కటే తిరిగొచ్చింది. వాణ్ణి కిక్కిస గడ్డిలో మర్నాడు వెతికి తీశారు.

ఆ రోజు ఆయన బడికి వచ్చి పెట్టె దగ్గర చాలాసేపు కూర్చున్నాడు. మిగతావాళ్ళు వెళ్ళాక అడిగాడు.

"మనసు మళ్ళేది ఏదైనా ఉంటే ఇవ్వండి బాబూ. ఇంట్లో కూర్చుంటే మా ఆవిడ ముఖం నేను చూడలేకపోతున్నానండి. నా ముఖం ఆవిడ చూస్తుంది, అదీ ఓర్చుకోలేకపోతున్నాను."

పెట్టెలో నాకు ప్రాణమైన పుస్తకం ఒకటి ఉంది. దేశమంతా కాలినడకన తిరిగిన ఒక ముసలాయన ఎక్కడ ఏం తిన్నాడో, ఎవరు నీళ్ళిచ్చారో రాసుకున్న చిన్న పుస్తకం. పదిసార్లు చదివి ఉంటాను. అది ఇద్దామనే చెయ్యి పెట్టాను. కానీ పాత పుస్తకం, అట్ట ఊడింది. పైగా ఆ నెల గూడెంలో అందరి నోటా ఒక కొత్త నవల మాటే. నా దగ్గరకి వచ్చే మిల్లు గుమాస్తా ఒకాయన, "తండ్రీకొడుకుల కథండీ. ఎద్దుబండి తోలేవాళ్ళు. ఏం రాశాడండీ! ముగింపు మటుకు చెప్పను, మీరే చదివి తెలుసుకోవాలి" అని ఊరించాడు. నేను సగం దాకా చదివాను. తండ్రి కొడుక్కి బండి తోలడం నేర్పడం, సంతలో ఎడ్లు బెదిరి కుండల అంగడి మీదకి పోవడం, అన్నీ నవ్వొచ్చే సంగతులే. తరవాత తీరిక దొరకలేదు.

ఆ నవల తీసి ఆయన చేతిలో పెట్టాను.

"చాలా బాగుంటుందండీ. మీకోసమే ఎంచి తెచ్చాను" అన్నాను.

ఎవరికైనా అదే మాట అనేవాణ్ణి. అంటే ముఖాలు వెలిగేవి. ఆయన ముఖం వెలగలేదు గానీ పుస్తకాన్ని తువ్వాలులో చుట్టుకుని, చంటిబిడ్డని ఎత్తుకున్నట్టు పట్టుకుని వెళ్ళాడు.

దాన్ని ఆయన రెండు నెలలు చదివాడు. నేను వెళ్ళిన ప్రతిసారీ గడువు పొడిగించాను. మొదట్లో పంతులమ్మగారు సంతోషంగా చెప్పారు. "రేవులో దోనె మీద కూర్చుని చదువుతున్నాడండీ. మొన్న ఒకసారి నవ్వాడు కూడా. వాళ్ళావిడ నాతో చెప్పుకుని ఏడ్చింది." నేను ఉబ్బిపోయాను. గూడెం వెళ్ళి నలుగురికీ చెప్పాను, పుస్తకం మనిషిని ఎలా నిలబెడుతుందో చూడండని.

కార్తీకంలో ఒక మధ్యాహ్నం నా పడవ ఇంకా ఒడ్డు చేరకముందే ఆయన రేవులో నిలబడి ఉన్నాడు. పుస్తకం తిరిగి ఇచ్చాడు. అదే తువ్వాలు, అదే చుట్టు.

"నాకోసమే ఎంచి తెచ్చానన్నారు గదండి. ఎందుకన్నారో ఇప్పుడు తెలిసిందండి."

నేను చిరునవ్వు నవ్వి, "బాగుంది కదండీ?" అన్నాను.

ఆయన నా ముఖంలోకి చూశాడు. ఆ చూపుని నేను మరో రకంగా అర్థం చేసుకున్నాను, కృతజ్ఞత అనుకున్నాను. "బాగుందండి" అని చెప్పి వెళ్ళిపోయాడు. ఇంకో పుస్తకం అడగలేదు. ఆ రోజు పంతులమ్మగారు జ్వరంతో ఉన్నారు. నేను త్వరగా పని ముగించుకుని తిరుగు పడవ ఎక్కాను.

పడవలో తోచక ఆ నవల తెరిచాను. ప్రతి పంక్తి కిందా సన్నగా ఒక మాసిన గీత. ఆయన వేలు నడిచిన దారి అది. నేను చదివి ఆపిన చోటు దాటాను. ఆ గీత వెంబడే నేనూ చదువుకుంటూ పోయాను. వాగు పొంగిన రోజు తండ్రి కొడుకుని బండితో ఆవలి ఒడ్డుకి పంపుతాడు. కొడుకు తిరిగిరాడు. శవాన్ని ఇంటికి తెచ్చాక తల్లి మొగుణ్ణి చూసి, వాణ్ణి నువ్వే పంపావు, నువ్వే చంపావు అంటుంది.

ఆ ఒక్క పంక్తి కింద మాసిన గీత వేలెడు మందంగా ఉంది. కాగితం నలిగి పీచు లేచింది. ఎన్నిసార్లు వేలు పెట్టి చదివాడో! ఆ తరవాత పేజీలన్నీ గీత లేకుండా తెల్లగా ఉన్నాయి.

ఆ తెల్లని పేజీలు పద్నాలుగో పదిహేనో ఉంటాయి. గబగబా చదివాను. చివరికి ఆ తల్లే మొగుడి దగ్గర కూర్చుని, ఆ మాట అన్నది తన కడుపుకోతేననీ, వాగుకి ఎవరి మీదా పగ లేదనీ, నువ్వు లేకపోతే నాకెవరున్నారనీ అంటుంది. అక్కడితో కథ అయిపోతుంది. ఆయన దాకా ఆ మాటలు రాలేదు.

పడవాయన్ని అడిగాను, "వెనక్కి తిప్పుతారా?"

"గాలి ఎదురండి. ఇప్పుడు తిప్పితే ఆకివీడులో మీకు బస్సుండదండి. ఏం మర్చిపోయారండి?"

ఏం మర్చిపోయానో చెప్పలేకపోయాను. ఎలాగూ పదిహేను రోజుల్లో వస్తాను కదా అనుకున్నాను. నిజం చెప్పాలంటే, పడవ తిరగనందుకు నాకు కాస్త ఊరట కలిగింది. ఆ ఊరటే ఇప్పటికీ నన్ను ఎక్కువ బాధపెడుతుంది.

ఆ పదిహేను రోజులు నెలన్నర అయ్యాయి. తుఫాను వానలకి రోడ్లు తెగాయి. మళ్ళీ వెళ్ళేసరికి ఆయన బడికి రావడం మానేశాడు. పంతులమ్మగారు నన్ను బడి గదిలో కూర్చోబెట్టి నెమ్మదిగానే అడిగారు.

"ఇంట్లో ఆవిడతో మాట్లాడటం మానేశాడండీ. నువ్వు పైకి అనవు గానీ లోపల అనుకుంటున్నావు అంటాడట. ఏదో పుస్తకంలో ఉందంటాడు. మీరు ఆ పుస్తకం చదివే ఇచ్చారా?"

తలవంచుకుని లేదన్నాను. ఆవిడ చేతిలో సుద్దముక్క బల్ల మీద పెట్టారు. "మీరు చెప్పిన పుస్తకాలన్నీ చాలా మంచివని నేనే వాళ్ళకి చెప్పేదాన్నండీ" అన్నారు.

నవల పట్టుకుని ఆయన్ని వెతుక్కుంటూ వెళ్ళాను. ఊరి చివర గట్టు మీద కూర్చుని వలకి పడిన చిరుగులు అల్లుకుంటున్నాడు. నన్ను చూసి లేచి నిలబడ్డాడు. కూర్చోమన్నా కూర్చోలేదు. దారిలో అల్లుకున్న మాటలన్నీ అక్కడ పనికిరాలేదు.

"ఈ పుస్తకం మీకు కావాలని ఇవ్వలేదండీ. ఇందులో ఇలా ఉంటుందని నాకు తెలియదు. నేను పూర్తిగా చదవలేదు."

"చదవలేదాండి?"

"సగమే చదివాను."

"మరి బాగుంటదని ఎలాగ చెప్పారండి?"

"ఎవరో చెప్పారు. నేనూ చెప్పాను."

ఆయన మళ్ళీ వల చేతిలోకి తీసుకున్నాడు. తరవాత అన్నాడు. "ఊళ్ళో ఎవరూ నన్ను ఆ మాట అనలేదండి. మావాళ్ళూ అనలేదు. నేనే లోపల అనుకునేవాణ్ణి. బాబుగారు అన్నీ చదివిన మనిషి గదా, ఆ సంగతి ఎవరో ఒకరు నాకు చెప్పాలని, నోటితో అనలేక పుస్తకం ఇచ్చారనుకున్నానండి. కోపం కూడా రాలేదండి నాకు. నిజమే గదా అనుకున్నాను."

"నిజం కాదండీ! కథ అక్కడితో అయిపోలేదు. మీరు ఆపేసిన చోటు తరవాత ఇంకా పదిహేను పేజీలున్నాయి. ఆ తల్లి ఆ మాట వెనక్కి తీసుకుంటుంది. తండ్రి తప్పు లేదంటుంది. చదవండి, ఈ పదిహేను పేజీలూ చదవండి. బాగుంటుందండీ."

ఆ మాట నా నోట్లోంచి వచ్చాక గానీ అదేం మాటో నాకు తెలియలేదు.

"ఇది చదివారాండి?" అన్నాడు. ఎగతాళిగా అనలేదు. తెలుసుకుందామనే అడిగాడు.

"చదివాను. ఒట్టు."

ఆయన నా చేతిలో పుస్తకాన్ని చూశాడు, నన్ను చూశాడు. "అప్పుడూ ఇలాగే చెప్పారండి" అన్నాడు.

నేను చదివి వినిపిస్తానన్నాను. అక్కడికక్కడే పుస్తకం తెరిచాను. "వద్దండి. మీరు రాసుంది రాసున్నట్టు చదువుతారో, నా కోసం మార్చి చదువుతారో నాకెలాగ తెలుస్తదండి?" అని, నొచ్చుకున్నాననుకున్నాడో ఏమో, "ఎండలో వచ్చారు. మంచినీళ్ళు తాగి వెళ్ళండి బాబూ" అన్నాడు.

గూడెం వెళ్ళకుండా నేరుగా ఏలూరు వెళ్ళి మా గ్రంథపాలకులకి అంతా చెప్పాను. ఆయన గొంతు తగ్గుతుందని ఎదురుచూశాను. ఈసారి అసలు మాట్లాడనే లేదు. లంకల పని ఇంకొకరికి అప్పగించమని అడిగితే తల అడ్డంగా ఊపారు. "నువ్వే వెళ్ళాలి" అన్నారు.

వెళ్ళాను. ఏడాదిపాటు వెళ్ళాను. సాయంత్రపు బడికి వచ్చేవాళ్ళు ఒక్కొక్కరే తగ్గారు. చదువుకుంటే మన లోపలి పాపాలు బయట పెడతారని ఎవరో అన్నారట. నవల చివరి పేజీలు ఆయన చెవిన పడతాయన్న ఆశతో పంతులమ్మగారు ఒక ఆదివారం మధ్యాహ్నం ఆడవాళ్ళని కూర్చోబెట్టి అవి పైకి చదివారు. ఆయన రాలేదు. ఆయన భార్య వచ్చి గుమ్మం పక్కన కూర్చుని చివరిదాకా విని, లేచి వెళ్ళిందట.

మరుసటి వేసవికి కొల్లేరు బాగా ఎండింది. ఆయన వేట మానేశాడు. మొగుడూ పెళ్ళామూ గూడెం వచ్చి ఒక బియ్యం మిల్లులో పనికి కుదిరారు. ఆయన బస్తాలు మోస్తాడు, ఆవిడ ధాన్యం ఎగబోస్తుంది. నేను కిటికీలోంచి ఆయన్ని ఎన్నోసార్లు చూశాను. గ్రంథాలయం ముందు నుంచే రోజూ వెళ్ళేవాడు. కనపడితే చేతులు జోడించేవాడు. లోపలికి మటుకు రాలేదు.

ఒకరోజు మధ్యాహ్నం ఆవిడ ఒక్కతే వచ్చి వరండా మెట్టు మీద నిలబడింది. లోపలికి రమ్మన్నాను. రానంది. నేనే బయటికి వెళ్ళాను.

"ఆ పుస్తకం ఉందాండి ఇక్కడ?"

ఉందన్నాను. కావాలా అని అడిగాను.

"నాకెందుకండి, నాకు చదువు రాదు గదా. అందులో ఆ ఆవిడ చివర్లో చెప్పిన మాటలు విన్నానండి. అవి నేను మావాడు పోయిన మూడోనాడే ఈయనకి చెప్పానండి. నీ తప్పు లేదయ్యా అన్నాను. నా మాట నమ్మలేదు. నీకేం తెలుసు, చదువులేనిదానివి అన్నాడు. సరే, పంతులమ్మగారు చదువుతున్నారు గదా, ఇంక అచ్చులో ఉన్నది నమ్ముతాడు అనుకుని ఆ రోజు ఇంటికి పరిగెత్తానండి." ఆవిడ కొంగుతో నుదుటి మీది ఊక తుడుచుకుంది. "ఇప్పుడు అచ్చులో ఉన్నది కూడా నమ్మడండి. ఇంక నేను ఎవరి చేత చెప్పించనండి, బాబూ?"

మిల్లు కూత వేసింది. ఆవిడ మెట్టు దిగి పనికి వెళ్ళిపోయింది.